‘ఆయ్’ వేరు, సమ్మతి వేరు

శనివారం మా వాడపల్లిలో వేరే పనులేవీ సాగవు. తెల్లవారకముందే రావులపాలెం వైపు నుంచి బస్సులూ ఆటోలూ బారులు తీరతాయి. గౌతమి గట్టున వెంకన్న గుడి చుట్టూ జనం, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ ప్రదక్షిణలు. ఏడు శనివారాలు వరసగా వచ్చి మొక్కితే, ఎర్రచందనపు చెక్కలో వెలిసిన ఆ స్వామి కోరిక తీరుస్తాడని నమ్మకం. మధ్యలో ఒక వారం తప్పితే లెక్క మళ్లీ మొదటికొస్తుందా, ఉన్నచోటి నుంచే సాగుతుందా అన్నది మా అరుగుల మీద ఏనాటికీ తెగని పంచాయితీ.

అయిదో వారం మొక్కుకి వచ్చిన మా చిన్నాన్న గారమ్మాయి ఆ పంచాయితీ విని నవ్వింది. "మా దగ్గర దీన్ని డీవియేషన్ అంటారు అన్నయ్యా. తప్పిన వారం తప్పిందని రాస్తాం. ఎందుకు తప్పిందో రాస్తాం. ఇకముందు తప్పకుండా ఏం చేస్తామో రాస్తాం. రాయకుండా సర్దేస్తే మాత్రం, స్వామి క్షమించినా మా రికార్డులు తనిఖీ చేసే మానిటర్ క్షమించడు."

ఆమె ఒక పెద్దాసుపత్రిలో క్లినికల్ ట్రయల్ కో-ఆర్డినేటర్. తన పేరు రాయొద్దంది. "పేషంట్ల పేర్లు దాచే ఉద్యోగం నాది, నా పేరు నువ్వు బయటపెడతావా?" అని కూడా అంది. కొత్త మందునో, టీకానో మనుషుల మీద పరీక్షించేటప్పుడు డాక్టరు కనిపిస్తాడు, మందు కంపెనీ కనిపిస్తుంది. ఆ ఇద్దరికీ మధ్య, ఫైళ్ల గుట్ట వెనక కూర్చుని ఫోన్లు చేస్తూ, మాత్రలు లెక్కపెడుతూ, తేదీలు సరిచూస్తూ ఉండే మనిషి ఎవరికీ కనిపించదు. ఆ పనిలో ఎంత పనితనం ఉందో ఆ శనివారం మా అరుగు మీదే చూశాను.

ఈ పని మన గోదావరి జిల్లాలకి కొత్తదేం కాదు. ఇరవయ్యేళ్ల కిందట తూర్పు, పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని ఒక పెద్ద పరిశోధన నడిచింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదు కేర్ ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి చేసిన పని అది. 45 పల్లెలు, 1,80,162 మంది జనాభా. ఏడాదిలో పోయిన ప్రతి మనిషీ ఏ జబ్బుతో పోయారో తెలుసుకోవాలి. పల్లెలో పోయినవాళ్లకి పోస్టుమార్టం ఎవరు చేస్తారు? శిక్షణ పొందినవాళ్లు చావు జరిగిన ఇంటికే వెళ్లి కూర్చుని, చివరి రోజుల్లో ఆయాసం వచ్చిందా, గుండెల్లో నొప్పన్నారా, కాళ్లు పొంగాయా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఆ రాతలు చదివి డాక్టర్లు కారణం తేల్చారు. పల్లెల్లో చావులంటే అంటురోగాలేనన్న పాత అంచనా అక్కడ తిరగబడింది. దాదాపు మూడోవంతు చావులకి గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది.

2006లో అచ్చయిన ఆ ఫలితాల్లో నన్ను ఆపేసిన అంకె అది కాదు. మొత్తం చావులు 1,354. అందులో వివరం పూర్తిగా దొరికినవి 1,329. అంటే చెయ్యి జారినవి పాతిక మాత్రమే. అంతమంది దుఃఖంలో ఉన్న ఇళ్లకి వెళ్లి, ‘ఇప్పుడొద్దు బాబూ’ అన్నచోట వెనక్కొచ్చి, దినవారాలు అయ్యాక మళ్లీ వెళ్లి, తలుపు మూసి ఉంటే మూడోసారి వెళ్లి ఉంటే తప్ప ఆ అంకె రాదు. శిల్పి విగ్రహం మీద పేరు చెక్కడు. ఇలాంటి పనివాళ్లు కూడా తమ సంతకాన్ని ఈ పాతికలోనే వదిలి వెళ్తారు.

ఆ తర్వాత అదే ప్రాంతంలో 44 పల్లెలతో ఇంకో పరీక్ష జరిగింది. ఏ ఊళ్లో ఏ పద్ధతి అన్నది చీటీలు వేసి తేల్చారు. కొన్ని ఊళ్లలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకి ఒక పద్ధతి నేర్పి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లని గుర్తించమన్నారు. కొన్నింటిలో గోడపత్రికలు, వీధినాటకాలతో ప్రచారం చేశారు. 2012లో ఫలితం వచ్చింది. కార్యకర్తలు పనిచేసిన ఊళ్లలో ముప్పున్నవాళ్లు ఎక్కువమంది బయటపడ్డారు. ప్రచారం వల్ల మాత్రం జనం తెలుసుకున్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నెగ్గినదాన్ని రాసినంత శ్రద్ధగా నెగ్గనిదాన్నీ రాశారు చూడండి, అదే ఈ వృత్తికి అలంకారం.

ఇక మా అరుగు మీదికి వద్దాం. పేషంటుతో మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుంటానని నేనడిగితే చెల్లి ససేమిరా అంది. అక్కడ మూడో మనిషికి చోటు లేదట. "కావాలంటే పెద్దమ్మ పేషంటు అనుకుందాం, చేసి చూపిస్తాను," అని సంచిలోంచి తన శిక్షణకి వాడే ఖాళీ నమూనా కాగితాలు తీసింది. మా అమ్మ చెంగు సర్దుకుని, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నట్టే ఒదిగి కూర్చుంది.

"నమస్కారమండీ. మీ మోకాళ్ల నొప్పికి ఒక కొత్త మందు పరీక్షిస్తున్నామండీ. దాంట్లో మీరు చేరతారా లేదా అన్నది మీ ఇష్టం. ముందు మొత్తం చెప్తాను..."

"ఆయ్, అలాగేనండి," అంది అమ్మ. సంతకానికి చెయ్యి కూడా చాచేసింది.

చెల్లి పెన్ను వెనక్కి లాక్కుంది. "చూశావా అన్నయ్యా. మా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టం ఇదే."

కోనసీమ మనిషికి ‘ఆయ్’ ఊపిరిలాంటిది. కలెక్టరు మాట్లాడినా ఆయ్, కండక్టరు చిల్లర లేదన్నా ఆయ్. అందులో వింటున్నానని ఉంది, మీరంటే గౌరవముందని ఉంది, తొందరగా వదిలేస్తే వెళ్తానని కూడా ఉంది. అర్థమైందని లేదు. ఒప్పుకున్నానని అసలే లేదు. తెల్లకోటు ఎదురుగా ఉంటే ఆ ‘ఆయ్’ ఇంకా తొందరగా వస్తుంది. నా సంగతే చెప్తాను. ఒకప్పుడు మా నాన్నగారిని ఓ ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను నిలబడే ఆరు కాగితాల మీద సంతకాలు పెట్టాను. ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించారు. వాటిలో ఏముందో ఈనాటికీ తెలియదు. చదువుకున్నవాణ్ని, ఆరుసార్లూ ఆయ్ అనే అన్నాను.

ట్రయల్లో అది కుదరదు. సమ్మతి తీసుకునే బాధ్యత పరిశోధకుడైన డాక్టరుదే. ఆ సంభాషణ సంభాషణలాగే జరిగేటట్టు చూడటం కో-ఆర్డినేటర్ నేర్పు. చెల్లి మొదటి పని, టైము చెప్పడం. ‘ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. కాగితం ఇంటికి తీసుకెళ్లండి, మీ అబ్బాయితో చదివించుకోండి.’ రెండోది, చెప్పినదాన్ని తిరిగి చెప్పించడం. అర్థమైందా అని అడగదు, అడిగితే జవాబు ఆయ్‌యే కదా. ‘సాయంత్రం మీ పక్కింటావిడ, ఆసుపత్రిలో ఏమన్నారని అడిగిందనుకోండి, ఏం చెప్తారు?’ అంటుంది. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. "కొత్త మందు ఇస్తారంట, నెప్పి తగ్గిపోతాదంట," అంది అమ్మ. తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు. తగ్గుతుందో లేదో తెలియకే పరీక్ష అని మళ్లీ మొదటి నుంచి.

మూడోది మాటల పని. ఆమె చేతిలోని తెలుగు సమ్మతి పత్రం, ట్రయల్ మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదించినది. ప్రతి పేజీ అడుగున వెర్షన్ నంబరు, తేదీ ఉంటాయి. అందులో ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. నోటితో వివరించడానికి మాత్రం వీలుంది. కాగితంలో ‘యాదృచ్ఛిక కేటాయింపు’ అని ఉంది. అది విని ఎవరైనా బెంబేలెత్తుతారు. మొదట్లో ఆమె లాటరీ అని చెప్పేదట. లాటరీ అంటే ఒకడికి బహుమతి, మిగతావాళ్లకి మొండిచెయ్యి అని జనం అనుకుంటున్నారని మానేసింది. ఇప్పుడు ఇలా చెప్తుంది: "అన్నదమ్ములు కొబ్బరితోట పంచుకున్నప్పుడు వాటాలు వేశాక చీటీలు తీస్తారు కదండీ. ఏ వాటా మంచిదో ముందే తెలిస్తే చీటీ ఎందుకు? ఏ వాటా అయినా ఒకటే అనుకున్నప్పుడే తీస్తారు. మాదీ అంతే. రెండు మందుల్లో ఏది మెరుగో డాక్టరుగారికీ తెలీదు. తెలిస్తే చీటీ వెయ్యడం తప్పు." పరిశోధనా నీతి మీద పెద్ద పెద్ద పుస్తకాలు చర్చించిన సూత్రం ఇది. కొబ్బరిచెట్టు నీడలో నాలుగు ముక్కల్లో తేలిపోయింది.

మందు లేని మాత్ర అన్నచోట ఇంకా జాగ్రత్త కావాలి. పక్కనున్న ఆత్రేయపురం పూతరేకులే ఆమెకి ఉదాహరణ. ‘పైకి చుట్ట ఒకటే, లోపల బెల్లం నెయ్యి వేసిందీ ఉండొచ్చు, వెయ్యనిదీ ఉండొచ్చు. మీకు ఏది వచ్చిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు’ అంటుంది. ‘కానీ ఇప్పుడు మీరు వాడుతున్న మందు ఆపం’ అన్న మాట ఆ ట్రయల్లో నిజమైతే, దాన్ని రెండుసార్లు చెప్తుంది.

కాగితం చివర్లో నామినీ పేరు రాసే గడి ఉంది. మందు వల్ల ప్రాణం పోతే పరిహారం ఎవరికి చెందాలో తెలియడానికి మన దేశపు నిబంధనలు పెట్టిన గడి అది. అక్కడికొచ్చేసరికి అమ్మ నటన మర్చిపోయింది. "ఏంటే, నేను పోతానా ఏంటి?" అంది. ఈ ప్రశ్నని చాలామంది దాటవేస్తారు. చెల్లి పెన్ను కింద పెట్టేసింది. "పోరనే అనుకుంటున్నామండీ. కానీ కచ్చితంగా చెప్పలేం. అందుకే ఈ గడి," అంది. మొదటి రెండు వాక్యాల మధ్య ఆమె కాసేపు ఆగింది. ఆ ఆగడం ఏ శిక్షణలోనూ నేర్పరు.

చదవలేనివాళ్లయితే సంబంధం లేని సాక్షి మొదటి నుంచీ పక్కనే ఉండి అంతా వినాలి. చివర్లో వచ్చి సంతకం పెట్టి వెళ్తే చెల్లదు. పూర్తిగా కొత్త రసాయన మందు పరీక్షలో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లు చేరితే ఈ సంభాషణని వీడియో తియ్యాలి. సంతకమయ్యాక ఒక ప్రతి వాళ్ల చేతికే ఇచ్చి పంపాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, పట్టించుకోనప్పుడు ఏమైందో మనకి తెలుసు గనక. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చే అధ్యయనం జరిగింది. పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని. దాదాపు 14,000 మంది పిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరొకటి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. అమ్మానాన్నల తరఫున ఇంకెవరో ఆయ్ అనేశారన్నమాట. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. వార్డెనైనా, సర్పంచైనా తలుపు తీసి లోపలికి రమ్మనగలరు. లోపలున్నవాళ్ల మాట వాళ్లు చెప్పలేరు. 2017 నాటి జాతీయ మార్గదర్శకాలూ అదే చెప్పాయి.

2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఇలాంటి గుణపాఠాలని చట్టంలో ఒకచోటికి చేర్చాయి. ఎథిక్స్ కమిటీలో ఏడుగురికి తక్కువ ఉండకూడదు. సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివాళ్లు, అధ్యక్షుడు బయటి మనిషి. న్యాయం తెలిసినవాళ్లు, ఒక స్త్రీ, వైద్యంతో పనిలేని ఒక మామూలు మనిషి ఉండి తీరాలి. ఆ మామూలు మనిషంటే చెల్లికి మహా గౌరవం. "డాక్టర్లు డోసు గురించి అడుగుతారు. ఆయన మాత్రం, ‘రక్తమియ్యడానికి పరగడుపున రమ్మన్నారు, తర్వాత టిఫిన్ ఎవరు పెడతారమ్మా?’ అనడిగాడు. ఆ ఖర్చు ప్రోటోకాల్లో లేదు. రాసుకొచ్చి మళ్లీ పెట్టాం."

సంతకం అయ్యాక మొదలయ్యేది లెక్కల సంసారం. ఆమె డెస్కు మీద కంప్యూటరు ఉన్నా, నమ్మకం గోడ మీది తెలుగు క్యాలెండర్ మీదే. ట్రయల్ విజిట్ 28వ రోజున, అటూ ఇటూ మూడు రోజులు వెసులుబాటు అనుకోండి. కంప్యూటరు శనివారం చూపిస్తుంది. మా వైపు మనిషి శనివారం రాడు, వచ్చినా ఒంటిపూట. తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర ఆ రాత్రి ఏమైనట్టు? అందుకే చేర్చుకునే రోజునే మొక్కులు, ఉపవాసాలు అడిగి రాసుకుంటుంది. కనుమ రోజు ప్రభల తీర్థమని, కోతల రోజులని వెసులుబాటులోంచి ముందే కొట్టేస్తుంది. నూరు మందికి ఆరేసి విజిట్లు ఇలా నడిపించడం ఒంటిచేత్తో రథం లాగడమే.

మాత్రల లెక్క ఇంకో విద్య. 30 మాత్రలిచ్చారు, రోజుకొకటి. 28 రోజులకి రెండు మిగలాలి. తొమ్మిది మిగిలితే మర్చిపోయారని తెలుస్తుంది. ఒక్కటీ మిగలకపోతేనే ఆమెకి అనుమానం. గద్దిస్తే నిజం రాదు. "ఏమండీ, ఎవరికైనా అవసరపడ్డాయా?" అని మెత్తగా అడుగుతుంది. ‘పక్కింటావిడకీ మోకాళ్లేనమ్మా, పాపం రెండిచ్చాను’ అన్న జవాబు వస్తుంది. కోప్పడదు. రాసుకుంటుంది, డాక్టరుకి చెప్తుంది, ఆ పక్కింటావిడ ఎలా ఉందో కనుక్కుంటుంది.

ఆమె రాత చూశాను. ఆ నమూనా కాగితం మీద బీపీ 138 అనబోయి 183 అని రాసేసింది. నేనైతే దిద్దేసేవాణ్ని. ఆమె దాని మీద ఒకే గీత గీసింది, కింది అంకె చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, ఆ రోజు తేదీ వేసింది. వైట్‌నర్ ఆ గదిలోకే రాదు. నిన్న రాయడం మర్చిపోతే నిన్నటి తేదీ వెయ్యకూడదు, ఇవాళ రాస్తున్నానని ఇవాళ్టి తేదీయే వెయ్యాలి. తప్పు చెయ్యడం నేరం కాదు, తప్పుని కనపడకుండా చెయ్యడం నేరం. అచ్చులో పనిచేసే మాలాంటివాళ్లం తప్పుని తుడిచేసి గర్వపడతాం. వీళ్లు తప్పుని భద్రపరిచి గర్వపడతారు.

ఇక ఫోను. ట్రయల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, దాన్ని తీవ్రమైన ఘటనగా లెక్కేసి 24 గంటల్లో డాక్టరు ప్రభుత్వ నియంత్రణాధికారికీ, ఎథిక్స్ కమిటీకీ, మందు కంపెనీకీ తెలియజెయ్యాలి. మందుకీ దానికీ సంబంధం ఉందా లేదా అన్నది తర్వాతి మాట. లొల్ల లాకుల దగ్గర స్కూటరు జారి కాలు విరిగి చేరినా అంతే. "స్కూటరు మీంచి పడ్డదానికీ మందుకీ ఏం సంబంధం?" అన్నాను. "కళ్లు తిరిగి పడ్డాడేమో, నీకెలా తెలుసు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకే చేర్చుకున్న ప్రతివాళ్ల ఇంట్లోనూ ఇంకొకళ్ల నంబరు కూడా రాసుకుంటుంది, పండక్కి పలకరిస్తుంది. నిబంధన 24 గంటలంటుంది గానీ, ఆ గడువు అందుకోవాలంటే ముందు ఆ ఇంటివాళ్లకి ఈమెకి ఫోన్ చెయ్యాలని తట్టాలి కదా.

పొద్దు గుడి గోపురం వెనక్కి వాలింది. అమ్మ ఇంకా పేషంటు వేషంలోనే ఉంది. చెల్లి మూడు పేజీలూ పూర్తిచేసి, చివరి మాట చెప్పింది: "మీరు చేరకపోయినా మీ వైద్యం మామూలుగానే జరుగుతుందండీ. చేరాక మధ్యలో మానేసినా అంతే. కారణం చెప్పక్కర్లేదు."

అమ్మ ఈసారి ఆయ్ అనలేదు. గుడి వైపు చూసింది. మోకాలు రాసుకుంది. "నాకొద్దమ్మా," అంది.

చెల్లి ముఖంలో కొంచెం కూడా మార్పు లేదు. కాగితం మీద ‘నిరాకరించారు’ అని అంతకుముందు రాసిన అదే గుండ్రటి దస్తూరీతో రాసి, తేదీ వేసింది. "సరేనండీ. మంచినీళ్లు తాగుతారా?" అంది.

"ఎందుకొద్దన్నానని అడగవేంటే?"

"చెప్పక్కర్లేదన్నాను కదా పెద్దమ్మా."

అమ్మ కాసేపు ఊరుకుంది. మైకులో గోవిందనామాలు వినిపిస్తున్నాయి. తర్వాత కళ్లజోడు తీసి చెంగుతో తుడిచి పెట్టుకుని, కాగితాల వైపు చెయ్యి చాచింది.

"ఏదీ, ఆ రెండో పేజీ ఓసారి ఇలా ఇయ్యి. నేనే చదువుకుంటాను."